తాతగారి .315 రైఫిల్ నా పేరు మీదికి ఎలా?

మాది బొబ్బిలి దగ్గర పల్లె. తాతగారు పోయాక ఆయన లైసెన్సు రైఫిల్‌ని పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేసి రసీదు తీసుకున్నాం. చెంప ఆనే చోట కర్ర నల్లగా నిగనిగలాడుతుంటుంది, అమ్మబుద్ధి కావట్లేదు. నాన్న, అత్తలు అభ్యంతరం లేదని రాసిస్తామన్నారు. నోటరీ చాలా, వారసుల సర్టిఫికెట్ కూడా అడుగుతారా?

ఇంకోటి. అమెరికాలో మా బావ వైల్డ్‌క్యాట్ రైఫిల్ (కంపెనీలు తయారుచేయని ప్రత్యేక కొలత తూటా వాడేది) చేయించుకుని, తూటాలు ఇంట్లోనే నింపుకుంటాడు. "పేల్చిన ఖాళీ తూటా డొల్లలు పారేయకురా, నేనొచ్చి నింపుతా" అంటాడు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేస్తే జైలే అంటే నవ్వుతాడు! దయచేసి ఆ సలహా మాత్రం ఇవ్వకండి. విజయనగరం, విశాఖ వైపు .315 తూటాలు ఈమధ్య ఎవరైనా కొన్నారా? లైసెన్సులో ఏడాదికి ఎన్ని రాస్తున్నారు?