కిట్ కారుకి పాత ఇంజన్ మంచిదా, కొత్తదా?

ప్రశ్న: లోటస్ సెవెన్ (పాత బ్రిటిష్ చిన్న స్పోర్ట్స్ కారు) తరహా కిట్ కారు, అంటే విడి భాగాలు కొని సొంతంగా కట్టుకునేది, మొదలుపెడుతున్నానండీ. ఛాసిస్ వాళ్లు పాత ఫోర్డ్ క్రాస్‌ఫ్లో 1600 ఇంజన్‌కి గానీ, కొత్త ఫోర్డ్ 2.0 డ్యూరాటెక్‌కి గానీ మౌంట్లు (ఇంజన్‌ని ఛాసిస్‌కి బిగించే బ్రాకెట్లు) ఇస్తామంటున్నారు. కార్బురేటర్ విప్పి బిగించడం వచ్చు, వైరింగ్ అంటే మాత్రం టెన్షన్. ఏది పెట్టమంటారు?

జవాబు: ఇంజన్ ఏ సంవత్సరానిది అన్నదాని కంటే, దాని ఎలక్ట్రానిక్స్‌ని పాత కారు నుంచి ఎంత తేలిగ్గా విడదీయగలం అన్నది ముందు చూడండి. క్రాస్‌ఫ్లో 1967 నాటి డిజైన్. పెట్రోలు, కరెంటు అందితే చాలు, స్టార్టవుతుంది. కానీ హెడ్ పోత ఇనుముది, వాల్వ్ సీట్లు (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే అంచులు) నేరుగా అందులోనే కోసి ఉంటాయి, కాబట్టి సీసం లేని పెట్రోలుతో గట్టిగా నడిపితే సీట్లు అరిగి లోపలికి దిగిపోతాయి. గట్టి సీట్లు వేయించారో లేదో అడక్కుండా కొనకండి. మంచి బ్లాకులు ఇప్పుడు అంత సులువుగా దొరకట్లేదు కూడా, చౌకగా వచ్చిన ఇంజన్‌కి బోరింగ్, పిస్టన్లు, క్రాంకు పని కలిపితే లెక్క ఎక్కడికో పోతుంది.

డ్యూరాటెక్ బ్లాకూ హెడ్డూ రెండూ అల్యూమినియమే, టైమింగ్‌కి చైను, పవర్ ఎక్కువ. నన్నడిగితే ఇంజన్‌గా అదే మేలు. చిక్కంతా చుట్టూ ఉన్న సామానుతోనే. కంపెనీ ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటరు) ఇమ్మొబిలైజర్‌తో, అంటే దొంగతనం జరక్కుండా ఇంజన్‌ని ఆపే ఏర్పాటుతో ముడిపడి ఉంటుంది, తాళం, మీటరు కన్సోలు లేకపోతే మొరాయిస్తుంది. అందుకే చాలామంది దాన్ని పక్కన పెట్టి మెగాస్క్విర్ట్ లాంటి విడి ఈసీయూ వేసుకుంటారు, అప్పుడు వైరింగ్ చాలా తగ్గుతుంది, కాకపోతే మ్యాపింగ్ (పెట్రోలు, స్పార్కు లెక్కలు ఆ ఇంజన్‌కి తగ్గట్టు సెట్ చేయడం) చేయించాలి. ఇంజెక్షన్‌కి సుమారు 3 బార్ ప్రెషర్ ఇచ్చే పంపు, రిటర్న్ పైపు, మలుపుల్లో పెట్రోలు పక్కకి పోయినా పంపు గాలి పీల్చకుండా స్విర్ల్ పాట్ (పెట్రోలు నిలవ ఉండే చిన్న డబ్బా) కూడా కావాలి. పైగా అది ముందు చక్రాల కారులో అడ్డంగా కూర్చునే ఇంజన్, సెవెన్‌లో నిలువుగా పెట్టాలంటే వేరే బెల్ హౌసింగ్ (ఇంజన్‌ని గేర్‌బాక్స్‌కి కలిపే డొప్ప), వెనక చక్రాలకి నడిచే గేర్‌బాక్స్, లోతు తక్కువ ఆయిల్ చాంబర్ పడతాయి. మామూలు చాంబర్ ఛాసిస్ కిందకి వేలాడి, మొదటి స్పీడ్ బ్రేకర్‌కే పగులుతుంది.

ఇంకొకరు: పై మాటకి ఒకటి కలుపుతాను. పాతదే తీసుకుంటే రబ్బరు పెట్రోలు పైపులన్నీ మార్చేయండి, ఇథనాల్ కలిసిన పెట్రోలుకి పాత రబ్బరు మెత్తబడి చీలుతుంది, వేడి సైలెన్సర్ పైపు పక్కనే ఉంటే అది నిప్పుతో చెలగాటమే. పాయింట్లు (స్పార్కు కోసం కరెంటుని తెంచే పాత తరహా స్విచ్చు) తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేయించుకుంటే సగం తలనొప్పి పోతుంది. రిజిస్ట్రేషన్ నియమాలు కూడా ముందే కనుక్కోండి. బ్రిటన్‌లో అయితే సొంతంగా కట్టిన కారుకి పొగ పరీక్ష స్థాయి ఇంజన్ తయారైన తేదీని బట్టి ఉంటుంది, ఆ తేదీకి రుజువు చూపించాలి. ఇంజన్‌తో పాటు కాగితాలూ అడిగి తీసుకోండి.

ప్రశ్న వేసినవారు: అయితే మధ్యస్థంగా ఏమీ లేదా?

జవాబు: ఉందండీ. మీకైతే నేను చెప్పేది అదే. తొలి తరం మాజ్డా ఎంఎక్స్-5 (1989లో వచ్చింది) ఇంజన్. ఇంజెక్షన్ ఉంది, క్యాన్ బస్ (కారులోని కంప్యూటర్లని కలిపే నెట్‌వర్క్) గొడవ లేదు, త్రాటిల్‌కి కేబులే. వెనక చక్రాల కారు కాబట్టి ఇంజన్, గేర్‌బాక్స్ కలిసి నిలువుగానే వస్తాయి. విడిగా ఇంజన్ కొనకుండా, నడుస్తున్న కారు మొత్తం కొని, వైరింగ్ ఒక్కో ప్లగ్గుకీ చీటీ అంటించి విప్పండి. విప్పే ముందే కంప్రెషన్ చూసి, వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ కూడా చూసుకోండి. మీ ఛాసిస్‌కి ఆ మౌంట్లు ఇస్తారా, స్టీరింగ్ రాడ్డుకి సైలెన్సర్ పైపు తగలకుండా ఉంటుందా అని అడ్వాన్సు కట్టకముందే అడగండి. వాళ్లు ఇవ్వలేమంటే మాత్రం, కార్బురేటర్ చేతి పని తెలిసిన మీకు సీట్లు మార్చిన క్రాస్‌ఫ్లోనే నయం.