.315 స్పోర్టింగ్ రైఫిల్‌ని లీ-ఎన్‌ఫీల్డ్ అనొచ్చా?

నల్లమందు_పొగ:
ఇషాపూర్ ఫ్యాక్టరీ చేసే .315 వేట రైఫిల్‌ను అందరూ "సివిలియన్ త్రీ నాట్ త్రీ", అంటే బ్రిటిష్ సైన్యం వాడిన .303 లీ-ఎన్‌ఫీల్డ్‌కి పౌర రూపం, అనేస్తున్నారు. నేనొప్పుకోను. అందులో పడేది 8×50 ఆర్ మన్‌లిషర్ తూటా. గుండు వ్యాసం .323 అంగుళాలు, .303 గుండుదేమో .311 చిల్లర. మ్యాగజైన్‌లో పదికి బదులు ఐదే. బయొనెట్ తగిలించే ముక్కు లేదు, మూతి దాకా వచ్చే చెక్కా లేదు. ఏ సైన్యమూ చేతపట్టని తుపాకీ అసలుది ఎలా అవుతుంది?

వెనకలగ్గు:
మీరు చెప్పినవన్నీ యాక్షన్ బయటి సంగతులండీ. యాక్షన్ అంటే రిసీవర్ (బోల్ట్ కదిలే లోహపు గూడు), బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ), ఆ రెండూ బిగుసుకునే తీరు. లగ్గులు, అంటే బోల్ట్‌ని రిసీవర్‌కి బిగించి పట్టే ముక్కలు, బోల్ట్ వెనకవైపున ఉంటాయి: కుడివైపు పొడుగు రిబ్బు, ఎడమవైపు పొట్టి లగ్గు. బోల్ట్ హెడ్ విడి ముక్క, మరతో బిగుస్తుంది. బోల్ట్ ముందుకు తోసేటప్పుడు స్ప్రింగ్ ఎక్కుతుంది. .315లో ఇవన్నీ ఉన్నాయి.

క్యాలిబరే (తూటా సైజే) కొలత అయితే ఇషాపూర్ 2ఏ సంగతేంటి? 1960లలో అదే ఫ్యాక్టరీ 7.62 నాటో తూటాకి, 12 గుళ్ల మ్యాగజైన్‌తో చేసింది. దాన్ని లీ-ఎన్‌ఫీల్డ్ కాదన్నవాళ్లు ఎవరూ లేరే! .315 అనే సైజు వాడుకలోకి వచ్చిందే సైనిక తూటా సివిలియన్ల చేతిలో పడకూడదని. ఇప్పటికీ మన లైసెన్సుల లెక్కలో .303 ప్రొహిబిటెడ్ (నిషిద్ధ) బోర్, .315 ఎన్‌పీబీ, అంటే నాన్-ప్రొహిబిటెడ్ బోర్. ఆ తేడా చట్టానిది, యంత్రానిది కాదు.

చార్జర్_క్లిప్:
అయితే చార్జర్ బ్రిడ్జ్‌ని కొలతగా పెట్టుకుందాం. తూటాలని వరసగా పట్టి ఉంచే క్లిప్‌తో మ్యాగజైన్ నింపే ఆ వంతెన ఉంటేనే సైనిక యాక్షన్.

వెనకలగ్గు:
అలాగైతే 1895 నాటి మొదటి లీ-ఎన్‌ఫీల్డే కొట్టుకుపోతుంది. క్లిప్‌తో నింపడం 1903 నాటి ఎస్‌ఎంఎల్ఈతో (పొట్టి లీ-ఎన్‌ఫీల్డ్‌తో) వచ్చింది. పైగా సైన్యానికి రైఫిళ్లు చేస్తూనే బ్రిటిష్ కంపెనీ బీఎస్‌ఏ 1890ల నుంచి "లీ-స్పీడ్" పేరుతో వేట తుపాకులూ అమ్మింది. అవి నకళ్లా?

మౌజర్98:
ఒకే కంపెనీ రెండూ చేస్తే చిక్కు లేదు. జర్మనీలోని ఓబెర్న్‌డార్ఫ్‌లో మౌజర్ వాళ్లే చేసిన స్పోర్టర్లలో (వేట రైఫిళ్లలో) వాళ్ల సైనిక రైఫిల్ 98 యాక్షన్ ఉన్నదున్నట్టే ఉంటుంది: మూడు లగ్గులు, కేసుని బయటికి లాగే పొడుగు ఎక్స్‌ట్రాక్టర్, బోల్ట్‌కి గ్యాస్ రంధ్రాలు, రిసీవర్ లోపల బోల్ట్ ముఖాన్ని చుట్టే కాలర్. 1936 నాటి వించెస్టర్ 70 చూడండి. ఎక్స్‌ట్రాక్టర్ మౌజర్‌దే, కానీ ఆ కాలర్ లేదు. బదులుగా స్ప్రింగ్‌ఫీల్డ్ 1903లాగా బ్యారెల్ వెనక గరాటా ఆకారం. మంచి రైఫిలే, కాదనను. కానీ దాన్ని మౌజర్ అంటే ఎలా? తూటా కేసు (లోహపు గుల్ల) పగిలితే గ్యాస్ ఎటు పోతుందన్న చోటే రెండింటికీ పడదు.

పాతస్టాక్:
అసలు మోసం ఇంకోచోట ఉంది. సైనిక రైఫిల్‌ని కోసి, సాఫు చేసి, "ఫ్యాక్టరీ స్పోర్టర్" అని అంటగడతారు. ముందు చెక్క చివర చూడండి: రంపం గాటు కొత్తగా, వార్నిష్ వేరుగా ఉంటుంది. ఎస్‌ఎంఎల్ఈ బ్యారెల్ 25.2 అంగుళాలు, తగ్గిందంటే మూతి చుట్టూ అంచు సమంగా ఉందో లేదో భూతద్దం పట్టి చూడాలి. చేత్తో ఆకురాయి వేస్తే ఒక పక్కకి ఒరుగుతుంది, గుండు కూడా ఆ పక్కకే లాగుతుంది. రిసీవర్ కుడి గోడలో మ్యాగజైన్ కటాఫ్ (మ్యాగజైన్ నుంచి తూటాలు రాకుండా ఆపే పలక) కోసం తొలిచిన చీలిక ఉంటే మాత్రం కంగారొద్దు, ఒకప్పటి సైనిక రిసీవర్లకి అది మామూలే. ముద్రలు అరగదీసి ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు, వదిలేయండి.

నల్లమందు_పొగ:
సరే, "లీ యాక్షన్ .315" అని రాసుకోండి, అభ్యంతరం లేదు. "ఎస్‌ఎంఎల్ఈ" అని రాస్తే మాత్రం ఊరుకోను. అది ఒక సర్వీస్ నమూనా పేరు.

వెనకలగ్గు:
అందులో మీతో పేచీ లేదు. పేరుకన్నా ముందు బోల్ట్ పిడి వెనక నంబరు, రిసీవర్ నంబరు కలుస్తున్నాయా చూడండి. వేరే రైఫిల్ బోల్ట్ వేస్తే లగ్గులు రెండూ సమంగా ఆనవు, హెడ్‌స్పేస్ (బోల్ట్ ముఖానికీ తూటా ఆనే చోటుకీ మధ్య ఎడం) తప్పుతుంది. .303లో రిమ్ (కేసు అడుగు అంచు) దగ్గర .064 నుంచి .074 అంగుళాల దాకా అనుమతి; .315కి రిమ్ కొలతలే వేరు, కాబట్టి .303 గేజ్‌తో దాన్ని కొలవకూడదు. పేలిన కేసు అడుగుకి కాస్త పైన, చుట్టూ మెరిసే గీత కనిపిస్తే కేసు సాగుతోందని అర్థం. ఇక ఆ రైఫిల్ పేల్చకుండా లైసెన్సున్న గన్‌స్మిత్‌కి ఇవ్వాలి.