కోవెంట్రీకి కొత్తగా వచ్చిన: బ్రెడ్ మెషీన్‌ల ఏ పిండి వాడాలె?

కోవెంట్రీ నుంచి:
అందరికీ నమస్తే. మాస్టర్స్ కోసం మొన్న సెప్టెంబర్‌ల ఇంగ్లండ్ వచ్చిన, నలుగురం కలిసి ఇల్లు తీసుకున్నం. ఇక్కడి స్లైస్డ్ బ్రెడ్ నాకు పడ్తలేదు, అంగిట్లకు అతుక్కుంటది. చారిటీ షాపుల పాత పానసోనిక్ బ్రెడ్ మెషీన్ కనిపిస్తే కొన్న, బుక్ రాలేదు దాంతోని. ఇండియన్ షాపుల తెచ్చిన చపాతీ పిండి ఉండె, దాన్తోనే చేసిన. సగమే పొంగింది, కోస్తే కత్తి దిగలే. ఇంకోటి, స్టార్ట్ నొక్కినంక చాలాసేపు అసలు కదల్లే, ఖరాబ్ అయిందనుకున్న, తర్వాత దానంతట అదే తిరుగుడు మొదలుపెట్టింది. నేను అడిగేది రెండే. ఏ పిండి కొనాలె? రాత్రి టైమర్ పెట్టి పడుకోవచ్చా? కిచెన్ పక్కనే మా రూమ్మేట్ రూమ్ ఉంది.

లెస్టర్ నుంచి:
తమ్ముడూ, మెషీన్‌కి ఏం కాలేదు, పారేయకు. పానసోనిక్‌వి స్టార్ట్ నొక్కగానే తిరగవు, నీళ్ళూ పిండీ ఒకే వేడికి వచ్చేదాకా ఊరికే కూర్చుంటాయి, ఇల్లు చల్లగా ఉంటే ఇంకాసేపు కూర్చుంటాయి. స్క్రీన్ మీద రెస్ట్ అని ఉంటుంది చూడు. మామూలు బ్రెడ్‌కి మొత్తం నాలుగు గంటలు. ర్యాపిడ్‌లో పెడితే రెండు గంటల్లో అయిపోతుంది గానీ పొంగడానికి టైం చాలక పొట్టిగా వస్తుంది.

ఇక పిండి సంగతి. చపాతీ పిండిలో ప్రోటీన్ లేక కాదు, ఉంటుంది. కానీ దాన్ని చక్కీలో బాగా నలిపి ఆడతారు, అందుకే నీళ్ళు తెగ తాగుతుంది, చపాతీ మెత్తగా రావడానికి అదే కావాలి మనకి. బ్రెడ్‌కి మాత్రం పిండి సాగి గాలి పట్టుకోవాలి, ఇందులో ఉన్న పొట్టు ఆ సాగే గుణాన్ని తెంపేస్తుంది. ఏ సూపర్‌మార్కెట్‌కి వెళ్ళినా స్ట్రాంగ్ వైట్ బ్రెడ్ ఫ్లోర్ అని ఒకటిన్నర కిలో ప్యాకెట్ ఉంటుంది, అది తెచ్చుకో. వెనక టేబుల్‌లో 100 గ్రాములకి ప్రోటీన్ 12 దాటి ఉందో లేదో చూడు. ప్లెయిన్ ఫ్లోర్ అంటే 10 దగ్గర ఉంటుంది, అది కేకులకి. సెల్ఫ్ రైజింగ్ అసలు ముట్టుకోకు, బేకింగ్ పౌడర్ కలిపి అమ్ముతారు దాన్ని.

కప్పులతో కొలిచావేమో, అలా అయితే అది మానెయ్, డిజిటల్ కాటా ఒకటి కొను, పిండి కంటే ముందు అదే కొను. నేను వేసేది 400 గ్రాముల పిండి, 280 గ్రాముల నీళ్ళు (నీళ్ళు కూడా తూచుకో, ఒక మి.లీ. అంటే ఒక గ్రామే), ఉప్పు ఒక టీస్పూను, పంచదార ఒక టేబుల్ స్పూను, కాస్త వెన్న, ముప్పావు టీస్పూను ఈస్టు. ఈస్టు ఫాస్ట్ యాక్షన్ అని రాసి ఉన్నదే తీసుకో. యాక్టివ్ డ్రైడ్ అని ఇంకోటి ఉంటుంది, దాన్ని ముందు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టాలి, మెషీన్‌లో వేస్తే సరిగ్గా లేవదు. బీపీ అనీ అదనీ ఉప్పు మరీ తగ్గించేయకు, ఈస్టుని అదుపులో పెట్టేది ఉప్పే, అది లేకపోతే గబగబా పొంగి మధ్యలో కూలబడుతుంది.

హ్యారో నుంచి:
ఇక్కడి బ్రెడ్ అంగిట్లో ఎందుకు అతుక్కుంటుందో ఎవరూ చెప్పరు, నేను చెప్తా. చార్లీవుడ్ ప్రాసెస్ అంటారు, చార్లీవుడ్ అనే ఊళ్ళో 1961లో కనిపెట్టారు, ఆ ఊరు మా మెట్రోపాలిటన్ రైలు లైన్‌లోనే ఉంటుంది. ఇంగ్లండ్‌లో పండే గోధుమల్లో ప్రోటీన్ తక్కువ, అంతకుముందు కెనడా నుంచి తెప్పించుకునేవాళ్ళు. వీళ్ళేం చేశారంటే పిండిని కొన్ని నిమిషాలపాటు విపరీతమైన స్పీడ్‌లో తిప్పి, కొంచెం గట్టి కొవ్వూ, విటమిన్ సీ, మామూలు కంటే ఎక్కువ ఈస్టూ వేసి, గంటలకొద్దీ పులియబెట్టే పని లేకుండా చేసేశారు. ఈ దేశంలో షాపు బ్రెడ్ ఎక్కువభాగం ఇప్పటికీ అదే పద్ధతి. పులియకుండా రుచి ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి, మన దోసెల పిండిని ఎవరైనా అలా చేస్తారా?

రీడింగ్ నుంచి:
పిండి సంగతి లెస్టర్ అక్క చెప్పింది కాబట్టి నేను అసలు విషయం చెప్తాను తమ్ముడూ, అద్దె ఇంట్లో మెషీన్ ఎక్కడ పెట్టావో ముందు చూసుకో. పైన గోడ అలమరా ఉంటే దాని కింద పెట్టొద్దు.

మేం పాత ఇల్లు ఖాళీ చేసినప్పుడు లెటింగ్ ఏజెంట్ (ఓనర్ తరఫున అద్దె వ్యవహారం చూసేవాడు) వచ్చి అంతా బానే ఉంది అని నవ్వుకుంటూ వెళ్ళాడు, వారం తర్వాత మెయిల్. అలమరా అడుగు చెక్క ఉబ్బింది, మీ బ్రెడ్ మెషీన్ ఆవిరి వల్లే, ఆ వరుస అలమరాలన్నీ మార్చాలి, డిపాజిట్‌లో ముప్పాతిక భాగం పట్టుకుంటాం అని. ఉబ్బింది ఒక్క అలమరా, అదీ ఒక మూల. ఇంకా వినండి, మధ్యలో ఒకసారి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినప్పుడు వాళ్ళు తీసిన ఫోటోలో మా 16 కిలోల పిండి బస్తా పడిందట, మీరు ఇంట్లో బేకరీ వ్యాపారం నడిపారు, అది అగ్రిమెంట్‌కి విరుద్ధం అని ఇంకో పేరా. మా ఆవిడ ఆ మెయిల్ చదివి నవ్వాలో ఏడవాలో తెలీక కూర్చుంది. ఫోన్ చేస్తే మీ మెయిల్‌కి ఐదు పనిదినాల్లో జవాబిస్తాం అనేవాడు, ఆ ఐదు రోజులు అయ్యాక మళ్ళీ అదే మాట.

చివరికి డిపాజిట్ స్కీమ్‌లో, అంటే అద్దె డిపాజిట్లకి రక్షణగా ఉండే సంస్థలో, డిస్ప్యూట్ వేశాం. దానికి డబ్బులేం కట్టక్కర్లేదు. ఇంట్లో దిగిన రోజే నేను ప్రతి అలమరా తలుపు తెరిచి ఫోటో తీసి ఏజెంట్‌కే మెయిల్ చేసి ఉంచా, అందులో ఆ మూల అప్పటికే కొంచెం లేచి ఉన్నట్టు కనిపిస్తోంది. ఎంత పాత అలమరా అయితే దాని విలువ అంత తగ్గించే లెక్క కడతారు, పాతదానికి బదులు కొత్తది మన డబ్బుతో వేయించుకోవడం కుదరదు. బస్తా గురించి ఆ నిర్ణయంలో ఒక్క ముక్క రాయలేదు. కొద్దిగా కోసి మిగతాదంతా వెనక్కిచ్చారు. కాబట్టి ఈరోజే ఫోటోలు తీసి మెయిల్ చెయ్, రేపు కాదు.

హ్యారో నుంచి:
అసలు అంత డిపాజిట్ ఎందుకిచ్చారు? ఆరు వారాల అద్దె మించి తీసుకోకూడదు, రూల్ అది.

రీడింగ్ నుంచి:
ఐదు వారాలన్నా. టెనెంట్ ఫీజ్ యాక్ట్ 2019. ఏడాది అద్దె 50,000 పౌండ్లు, ఆపైన ఉంటేనే ఆరు వారాలు, మనలో ఎవరు కడతారు అంత అద్దె. తీసుకున్న 30 రోజుల్లోపు స్కీమ్‌లో పెట్టి మనకి కాగితం ఇవ్వాలి.

గ్లాస్గో నుంచి:
మీరిద్దరూ ఇంగ్లండ్ గురించి చెప్తూ మొత్తం యూకేకి చెప్తున్నట్టు రాస్తారు. స్కాట్లండ్‌లో రెండు నెలల అద్దె దాకా తీసుకోవచ్చు, స్కీమ్‌లో పెట్టడానికి 30 పనిదినాలు. ఇంకోటి, ఓనర్ కూడా అదే ఇంట్లో ఉంటే నువ్వు లాడ్జర్ కింద వస్తావు, ఇంగ్లండ్‌లో అయినా అప్పుడు ఈ స్కీమ్ రూల్ వర్తించదు. స్టూడెంట్లు అక్కడే దెబ్బతింటారు.

హ్యారో నుంచి:
పిల్లాడు కోవెంట్రీలో ఉన్నాడు కదండీ, స్కాట్లండ్ ఎందుకు మధ్యలో.

మిల్టన్ కీన్స్ నుంచి:
అబ్బాయి పిండి అడిగితే అందరూ డిపాజిట్ గురించి కొట్టుకుంటున్నారు. బాబూ, ముందు నీళ్ళు పొయ్యి, తర్వాత పిండి, పైన చిన్న గుంట చేసి అందులో ఈస్టు వెయ్యి. ఎన్నో ఏళ్ళుగా అలాగే చేస్తున్నా, ఎప్పుడూ చెడిపోలేదు.

లెస్టర్ నుంచి:
అది మీ మెషీన్‌కండీ. పానసోనిక్‌లో తలకిందులు, ఈస్టు అడుగున, పైన పిండి, నీళ్ళు ఆఖర్న. పైన ఈస్టు డబ్బా ఉన్న మోడల్ అయితే ఈస్టు అందులోనే వెయ్యాలి, అదే సమయానికి వదులుతుంది. ఏ వరుసైనా తిరగడం మొదలయ్యేదాకా ఈస్టుకి నీళ్ళు తగలకూడదు, ఉప్పు మీద కుప్పగా పడకూడదు.

మిల్టన్ కీన్స్ నుంచి:
వెంటనే స్టార్ట్ చేస్తే ఏ వరుసైనా ఒకటే. టైమర్ పెడితేనే తేడా.

లెస్టర్ నుంచి:
మొదటి అరగంట కదలకుండా కూర్చునే మెషీన్‌కి వెంటనే ఏమిటండీ! సరే, టైమర్ అంటే గుర్తొచ్చింది. రాత్రి పెట్టేటట్టయితే పాలూ గుడ్లూ వెయ్యకు, గంటలకొద్దీ బయట ఉంటాయి. పాలపొడి వేసుకో. చప్పుడంటావా, పిండి కలిపేటప్పుడు దడదడలాడుతుంది, పాతదైతే బల్ల మీద జరుగుతుంది కూడా, అంచు దగ్గర పెట్టకు.

మిల్టన్ కీన్స్ నుంచి:
నిద్రపోయేటప్పుడు సామాన్లు ఆన్ చేసి పెట్టొద్దని ఫైర్ సర్వీస్ వాళ్ళే చెప్తుంటారు, వాషింగ్ మెషీన్ అయినా ఇదైనా. సెకండ్ హ్యాండ్ మెషీన్ని రాత్రి వదిలేయమని నేను మాత్రం చెప్పను. ఆదివారం పొద్దున లేచాక పెట్టుకో, ఇంకో ముగ్గురిని నిద్ర లేపే గొడవ కూడా ఉండదు.

ఇల్ఫర్డ్ నుంచి:
మరి వారానికి సరిపడా చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే సరి.

హ్యారో నుంచి:
ఫ్రిజ్‌లో పెడితే బూజు ఆలస్యం అవుతుంది గానీ బయటకంటే తొందరగా గట్టిపడుతుంది. పూర్తిగా చల్లారాక ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టి, ఒక్కో ముక్కా తీసి నేరుగా టోస్టర్‌లో వేసుకోవాలి. షాపు బ్రెడ్‌లో బూజు పట్టకుండా కాల్షియం ప్రొపియోనేట్ అనే మందు వేస్తారు కాబట్టి వారం ఉంటుంది, ఇంటి బ్రెడ్ రెండు మూడు రోజులే.

ఇల్ఫర్డ్ నుంచి:
మా ఇంట్లో ఫ్రిజ్‌లోనే పెడతాం, బానే ఉంటుంది.

కోవెంట్రీ నుంచి:
అందరికీ థ్యాంక్స్. అలమరా కింద నుంచి మెషీన్ తీసి కిటికీ పక్కన పెట్టిన, ఫోటోలు కూడా పంపిన ఏజెంట్‌కు. కాటా, స్ట్రాంగ్ ఫ్లోర్ తెచ్చిన. మస్తు పొంగింది ఈసారి, కానీ నడిమిట్ల గుంత పడ్డది, లోపల కొంచెం తడితడిగ ఉంది. అక్కా, రెస్ట్ అనే రాసి ఉంది స్క్రీన్ మీద. ఇంకా ఆ తిప్పే రెక్క బ్రెడ్ లోపలనే ఇరుక్కున్నది, కత్తితో తీయొచ్చా?

లెస్టర్ నుంచి:
కత్తి వద్దు, కోటింగ్ పోతుంది. బ్రెడ్ చల్లారాక చెక్క చెంచా కాడతో నెట్టు, వచ్చేస్తుంది. ఈసారి రెక్క పెట్టేముందు ఇరుసు శుభ్రంగా తుడువు, ఎండిన పిండి ఉంటేనే అలా పట్టేస్తుంది. గుంత పడిందంటే నీళ్ళు ఎక్కువో ఈస్టు ఎక్కువో అయ్యాయి, ముందు నీళ్ళు 10 గ్రాములు తగ్గించి చూడు, రెండూ ఒకేసారి మార్చకు, ఏది పనిచేసిందో తెలీదు. కలపడం మొదలైన పది నిమిషాలకి ఒకసారి మూత తీసి చూడు, ఏం కాదు. పూరీ పిండి కంటే మెత్తగా, బొబ్బట్ల పిండి కంటే గట్టిగా, గిన్నెకి అంటుకోకుండా ఉండలా తిరుగుతుండాలి. జారుగా ఉంటే చెంచాడు పిండి చల్లు, గట్టిగా ఉంటే చెంచాడు నీళ్ళు పొయ్యి. పొంగే సమయంలో మాత్రం మూత తీయకు.

కోవెంట్రీ నుంచి:
సరే అక్కా. మిగిలిన చపాతీ పిండి ఏం చేయాలె, పది కిలోల బస్తా అది.

లెస్టర్ నుంచి:
400లో 100 గ్రాములు అది కలుపు, నీళ్ళు ఒకట్రెండు చెంచాలు పెంచు, రుచి బావుంటుంది, ఎత్తు కొంచెం తగ్గుతుందంతే. సగానికి మించి కలపకు. మిగతాది చపాతీలు చేసుకోండి నలుగురూ. ఆ బస్తా మాత్రం ఇన్‌స్పెక్షన్ రోజు కిచెన్‌లో ఉంచకు.