అప్‌డేట్: నూనెలో విడిపోయే ఫలాఫెల్‌కి కారణం దొరికింది

ఫలాఫెల్ (శనగలతో చేసే, మన గారెల్లాంటి పశ్చిమాసియా వంటకం) నూనెలో వేయగానే పొడిపొడిగా విడిపోతోందని ఇంతకుముందు అడిగాను. జవాబిచ్చిన వాళ్లందరికీ ధన్యవాదాలు. "శనగలు ఉడికించారా?" అన్న ప్రశ్నే అసలు విషయం పట్టించింది.

అవును, కుక్కర్‌లో ఉడికించిన కాబూలీ శనగలే వాడాను. ఉడికితే వాటిలోని పిండిపదార్థం ముందే నీరు పీల్చి ఉబ్బిపోతుంది, నూనెలో ఇక పట్టు ఇవ్వదు. ఈసారి 250 గ్రాముల ఎండు శనగలు 18 గంటలు నానబెట్టి, వడకట్టి, గుడ్డ మీద బాగా తడి ఆరనిచ్చాను. ఉడికించకుండానే చిన్న ఉల్లిపాయ, 4 వెల్లుల్లి రెబ్బలు, గుప్పెడు కొత్తిమీర, చెంచా చొప్పున జీలకర్ర, ధనియాల పొడి, ఉప్పు వేసి మిక్సీలో ఆపి ఆపి తిప్పాను. సన్న రవ్వలా ఉండాలి. గారెల పిండిలా మెత్తబడితే లోపల ముద్దగా ఉండిపోతుంది. గంట ఫ్రిజ్‌లో పెట్టి, వేయించే ముందు అర చెంచా బేకింగ్ పౌడర్ కలిపాను. నూనె 175 డిగ్రీలు, వాయికి 6 ఉండలు, 4 నిమిషాలు. ఒక్కటీ విడిపోలేదు, పైన కరకర, లోపల ఆకుపచ్చగా, గుల్లగా.

పట్టు కోసం మైదా అక్కర్లేదు, అది కలిపిన వాయి గట్టిగా వచ్చింది. నూనె రకం మార్చినా తేడా లేదు.

తహీనీ సాస్‌కి నువ్వుల ముద్దలో నిమ్మరసం పోయగానే బిగుసుకుంటుంది, కంగారు పడొద్దు. చల్లటి నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ గిలకొడితే తెల్లగా, జారుగా అవుతుంది. పీటా రొట్టెలో పెట్టేటప్పుడు సాస్ ఆఖర్న, తినే ముందే పోయాలి.