కాలుష్య వ్యాప్తి మోడల్: డిఫ్యూజన్ గుణకం ఎంత మార్చినా ఫలితం మారడం లేదు

ప్రశ్న (తీరవాసి)

ఎం.టెక్. ప్రాజెక్టు కోసం, విశాఖ తీరంలో పైపు ద్వారా సముద్రంలోకి వదిలే వ్యర్థజలం ఎటు, ఎంత దూరం వ్యాపిస్తుందో లెక్కగట్టే చిన్న మోడల్ రాసుకున్నాను. గ్రిడ్‌లో ఒక్కో గడి 1 కిలోమీటరు, తీరం వెంబడి ప్రవాహ వేగం సెకనుకు 0.3 మీటర్లు, టైమ్ స్టెప్ (ఒక్కో లెక్కకు కాలాన్ని ముందుకు జరిపే వ్యవధి) 60 సెకన్లు, డిఫ్యూజన్ గుణకం (కాలుష్యం చుట్టూ చెదిరే జోరు) సెకనుకు 1 చదరపు మీటరు. ప్రవాహం మోసుకుపోయే భాగానికి ఫస్ట్ ఆర్డర్ అప్‌విండ్ పద్ధతి, అంటే ప్రవాహం వచ్చే వైపు గడి విలువను తీసుకునే పద్ధతి, వాడాను. పరీక్ష కోసం కాలుష్యాన్ని ఒకే ఒక్కసారి వదిలి చూస్తే, ఆ మచ్చ 12 గంటల్లోనే పది పదిహేను కిలోమీటర్ల మేర పరుచుకుంటోంది. గుణకాన్ని 1 నుంచి 5కు పెంచినా పటంలో తేడా కంటికి ఆనడం లేదు. టైమ్ స్టెప్‌ను 10 సెకన్లకు తగ్గిస్తే మచ్చ తగ్గకపోగా రవ్వంత ఎక్కువే సాగింది. ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో వారం రోజులుగా వెతుకుతున్నాను. దయచేసి దారి చూపగలరు.

జవాబు 1 (గడులలెక్క)

మీ ప్రోగ్రాములో తప్పు ఉండకపోవచ్చు. అప్‌విండ్ పద్ధతి మీరు అడగకుండానే తన వంతు డిఫ్యూజన్ కలుపుతుంది. అదెంతో తెలియాలంటే ప్రవాహ వేగాన్ని గడి పొడవుతో గుణించి, సగం చేసి, ఒకటిలోంచి కూరాంట్ సంఖ్యను (ఒక టైమ్ స్టెప్‌లో ప్రవాహం దాటే దూరం గడి పొడవులో ఎన్నో వంతో చెప్పేది) తీసివేయగా మిగిలినదానితో మళ్లీ గుణించాలి. మీ కూరాంట్ సంఖ్య 0.018 మాత్రమే కాబట్టి వచ్చేది సుమారు 147. మీరిచ్చిన 1 గానీ 5 గానీ ఈ 147 పక్కన కనిపించే అవకాశమే లేదు. టైమ్ స్టెప్ తగ్గించిన కొద్దీ కూరాంట్ సంఖ్య తగ్గి ఈ దొంగ డిఫ్యూజన్ పెరుగుతుంది కనుక, మీరు చూసిన ‘రవ్వంత ఎక్కువ’ కూడా సరైనదే.

అసలు సముద్రంలో డిఫ్యూజన్ గుణకం ఎంతుంటుందన్నదానికి, సముద్ర శాస్త్రవేత్త అకిరా ఒకుబో 1971లో రంగునీటి ప్రయోగాల ఫలితాలను ఒకచోట చేర్చి ఇచ్చిన సంబంధం ఇప్పటికీ మంచి ఆధారం. దాని ప్రకారం 1 కిలోమీటరు స్థాయిలో గుణకం 1 కంటే కొంత తక్కువ, 10 కిలోమీటర్ల స్థాయిలో 8 దరిదాపుల్లో ఉంటుంది.

ఒక పరీక్ష చేయండి. గుణకాన్ని సున్నా చేసి, తీరం వెంబడి ఒకే వరుసలో, ఒక్క గడిలో మాత్రమే 100 ఉంచి 12 గంటలు నడపండి. డిఫ్యూజన్ లేదు కాబట్టి ఆ 100 చెదరకుండా 13 గడుల అవతల కనిపించాలి. కనిపించదు. ఆ తరువాత ఫ్లక్స్ లిమిటర్ (దొంగ డిఫ్యూజన్‌ను తగ్గిస్తూనే విలువలు సున్నా కిందికి పోకుండా అదుపు చేసేది) ఉన్న పద్ధతికి మారండి. లిమిటర్ లేకుండా, రెండు పక్కల గడులనూ సమానంగా తీసుకునే సెంట్రల్ డిఫరెన్స్‌కు మారితే మాత్రం కొన్ని గడుల్లో కాలుష్యం సున్నా కంటే కిందికి వెళ్లి, కొత్త తలనొప్పి మొదలవుతుంది.

జవాబు 2 (కణాలదారి)

పై లెక్కతో ఏకీభవిస్తున్నాను గానీ, పద్ధతి మార్చినంత మాత్రాన సరిపోదని నా అభిప్రాయం. 10 మీటర్ల లోతున్న చోట మీ గడిలో ఒక కోటి ఘనపు మీటర్ల నీరుంటుంది. పైపు నుంచి వచ్చినదాన్ని ఆ గడిలో వేసిన మరుక్షణం మోడల్ దాన్ని ఆ కోటి ఘనపు మీటర్లలోనూ కలిపేసినట్లే లెక్క. పైపు నోటి దగ్గర తేలికైన వ్యర్థజలం పైకి లేస్తూ పలచబడే దశను విడిగా లెక్కగట్టి, ఆ ఫలితాన్ని పెద్ద గ్రిడ్‌కు అందించాలి.

కణాల పద్ధతి కూడా ఆలోచించండి. వేల కణాలను వదిలి, ప్రతి స్టెప్‌లో ఒక్కోదాన్ని ప్రవాహంతో జరిపి, దానికి యాదృచ్ఛికంగా కొంత కదలిక జోడిస్తే అప్‌విండ్ బెడద ఉండదు. ఆ కదలికను మైనస్ ఒకటి నుంచి ప్లస్ ఒకటి దాకా సమానావకాశం గల సంఖ్యతో తీసుకుంటే, దాన్ని గుణకం, టైమ్ స్టెప్, 6 అనే మూడింటి లబ్ధపు వర్గమూలంతో గుణించాలి. మీ విలువలకు అది ఒక్కో దిశలో గరిష్ఠంగా 19 మీటర్లు. చాలామంది 6 బదులు 2 వేసి మచ్చ చిన్నదైపోయిందని ఆశ్చర్యపోతారు.

2017 జనవరి 28న ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొని నూనె ఒలికినప్పుడు, హైదరాబాదులో సముద్ర సమాచారం అందించే ఇన్‌కాయిస్ సంస్థ ‘నోమ్’ అనే ఇలాంటి కణాల మోడల్‌నే వాడింది. ఆ నూనె దక్షిణంగా మెరీనా వైపు సాగింది. అయితే తేలే నూనెకు గాలి వేగంలో సుమారు 3 శాతాన్ని కలిపే అలవాటును మీరు అనుకరించకండి. మీది నీటిలో కలిసిపోయే పదార్థం.

తీరవాసి

ఇద్దరికీ ధన్యవాదాలు. గుణకం సున్నాగా పెట్టి పరీక్ష నడిపాను. 100గా మొదలైన శిఖరం 12 గంటలకు 11కు పడిపోయింది. టైమ్ స్టెప్‌ను 1800 సెకన్లకు పెంచితే 16 దగ్గర ఆగింది. ఇంత పెద్ద స్టెప్‌తో ఫలితం మెరుగవుతుందని ముందే ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేవాడిని కాను.

లిమిటర్ పెట్టాక కూడా గుణకం 1కి, 5కి తేడా స్పష్టంగా రాలేదు. కాగితం మీద లెక్కవేస్తే కారణం తెలిసింది. 12 గంటల్లో ఆ రెంటికీ వచ్చే ప్రామాణిక విచలనం (మచ్చ మధ్య నుంచి ఎంత పరుచుకుందో చెప్పే కొలత) సుమారు 290, 660 మీటర్లు. రెండూ ఒక్క గడిలోనే దాగిపోతున్నాయి. అందుకే పైపు పరిసరాల్లో 100 మీటర్ల గడులు వేస్తున్నాను. కూరాంట్ సంఖ్య 0.18 అవుతుంది కనుక 60 సెకన్ల స్టెప్ అలాగే ఉంచవచ్చు. కణాల పద్ధతిని దాని పక్కనే నడిపి, రెండు పటాలనూ వచ్చే వారం ఇక్కడ పెడతాను.