తెలుగులో మంచి వచనం నవలల్లో ఉందా, ఆత్మకథల్లో ఉందా?

గోదావరి గట్టు:

ఈ మూడు నెలల్లో నాలుగు పుస్తకాలు చదివాను. ఒకటి యాత్ర, ఒకటి ఆత్మకథ, ఒకటి నవల, ఇంకోటి చేతబడి మీద నడిచిన సీరియల్. నాలుగూ అయ్యాక గట్టిగా అనిపించింది చెప్తున్నాను, ఒప్పుకోని వాళ్లు కాదనండి. ఎవరైనా "తెలుగులో ఏం చదవమంటారు" అని అడిగితే మనం నవలల పేర్లే చెప్తాం. మన మంచి వచనం మాత్రం ఎక్కువగా ఆత్మకథల్లో, యాత్రల్లో ఉంది. వాటి పక్కన పెడితే నవలలు తేలిపోతున్నాయి.

ముందు ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. ఆయన చెన్నపట్టణం సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒకరి మాట ఇంకొకరికి వాళ్ల భాషలో చెప్పేవాడు. 1830 మే 18న పరివారంతో బయలుదేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. దారిలో చూసినవన్నీ స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి రాస్తూ పోయారు. ఆయన పోయాక 1838లో అది అచ్చయింది. మజిలీ చేసిన చోటల్లా దిగడానికి చోటుందా, నీళ్లు మంచివేనా, బియ్యం పప్పు దొరుకుతాయా, ముందున్న దారి ఎలాంటిది అని రాస్తారు. రెండు రోజులు చదివేసరికి నాకూ సాయంత్రమయ్యేసరికి "ఈ రాత్రికి నీళ్లెక్కడ?" అన్న ధ్యాస పట్టుకుంది. వాక్యాలు పొడుగు, పారసీ, హిందుస్థానీ మాటలు ఎక్కువ. మొదటి 30 పేజీలు ఓపిక పట్టాలి. రైలు లేని కాలంలో ఈ దేశం ఎలా ఉండేదో ఇంత దగ్గరగా చూపించిన తెలుగు పుస్తకం నేనింకోటి చదవలేదు.

తర్వాత శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 'అనుభవాలూ-జ్ఞాపకాలూనూ'. వేదం, శాస్త్రం, జ్యోతిషం చెప్పుకునే ఇల్లు. ఆ ఇంట్లో కుర్రాడు తెలుగు పద్యం రాశాడంటే చెడిపోయినట్టే లెక్క. తెలుగు మీద ఇష్టాన్ని ఇంట్లోవాళ్లకి కనబడకుండా దాచుకున్న పిల్లాడి బాధ ఆ పుస్తకం నిండా ఉంది. ఆయనలాగే మాదీ గోదావరి వైపే కాబట్టి ఇంకాస్త తగిలిందేమో. మా నాయనమ్మ నోట విని మళ్లీ ఎక్కడా వినని మాటలు అందులో కనబడ్డాయి. ఒకచోట ఆగి, పుస్తకం మూసి, ఆవిడ గొంతు గుర్తు చేసుకోవాల్సి వచ్చింది.

మూడోది దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు'. నిజాం కాలపు తెలంగాణ ఊరు, దొర ఉండే కోటలాంటి గడీ, జీతం లేని వెట్టి చాకిరీ వచ్చిన పేజీలు నిలబడ్డాయి. బెజవాడ వైపు నుంచి వచ్చిన పాటగాడు సారంగపాణి ప్రేమకథ దగ్గరికి వచ్చేసరికి కథ కోసం కథ నడిపినట్టుంది. నాలుగోది యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం'. రాత్రి రెండింటిదాకా వదల్లేదు, తెల్లారాక ఏమీ మిగల్లేదు.

ఓరుగల్లు పాఠకురాలు:

గట్టు గారూ, 'చిల్లర దేవుళ్లు' విషయంలో మీతో ఏకీభవించలేను. రంగాచార్య గారే 'జీవనయానం' అని తన ఆత్మకథ కూడా రాశారు. నేను రెండూ చదివాను. ఆత్మకథలో నిజాం రోజులు, ఉద్యమం, జైలు, ఇల్లు అన్నీ ఉన్నాయి, గొప్ప పుస్తకమే. కానీ అది ఆయన కళ్లతో చూసిన బతుకు. గడీలో ఆడబాప, అంటే దొర ఇంట్లో పెట్టుకున్న దాసీ, రాత్రి ఏమనుకుంటుందో ఆత్మకథలో ఎలా రాస్తారు? ఆయన అక్కడ లేరు. అది రాయాలంటే నవలే కావాలి.

మా అమ్మమ్మ "దొర" అన్న మాట ఎప్పుడూ గొంతు తగ్గించే అనేది, గడీలు పోయి ఎన్నేళ్లయినా సరే. ఎందుకో నాకు చెప్పింది ఆ నవల. సారంగపాణి మీకు అతికించినట్టు అనిపించాడు. నాకైతే అతను బయటినుంచి వచ్చినవాడు కాబట్టే ఊళ్లోవాళ్లకు అలవాటైపోయిన అన్యాయం అతనికి కొత్తగా కనబడింది. పాత్రలు మా భాషలో మాట్లాడిన నవలలు నేను స్కూల్లో ఉన్నప్పుడు పాఠాల్లో లేవు. ఇంట్లో మాట్లాడే మాట అచ్చులో కనబడితే ఎలా ఉంటుందో, శ్రీపాద గారిని చదివారు కాబట్టి మీకు చెప్పనక్కర్లేదు.

పాత బైండు:

'తులసిదళం' గురించి ఒక్క మాట. అది ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. మా అమ్మ ఐదో తరగతి వరకే చదివింది. వారం వారం ఆ పేజీలు కత్తిరించి, దారంతో కుట్టి, చివరికి బైండు చేయించింది. అట్ట మీద తన పేరు తనే రాసుకుంది. ఆ బైండు ఇప్పుడు నా దగ్గరుంది. ఒక పేజీ వెనక సబ్బు ప్రకటన సగం తెగి ఉంటుంది, ఇంకో పేజీ మీద కాఫీ గ్లాసు మరక.

ఇలాంటి చేతబడి కథలు మూఢనమ్మకాన్ని పెంచుతాయని అప్పట్లోనే చాలామంది తిట్టారు, ఆ విమర్శ న్యాయమే. చిన్నప్పుడు ఆ పేజీలు చదివి నేను పెరట్లోకి వెళ్లడానికి భయపడ్డాను. కానీ మా అమ్మ చేతిలో ఇంకో పుస్తకం ఉండేది కాదు. చదివే అలవాటు ఆ సీరియళ్లతోనే అయింది. తర్వాత ఆవిడ లైబ్రరీ నుంచి తెచ్చుకుని రామాయణం వచనం నుంచి రష్యన్ నవలల అనువాదాల దాకా చదివింది. "ఏమీ మిగల్లేదు" అని మీరు అన్నచోట మా ఇంట్లో ఒక పాఠకురాలు మిగిలింది.

రాత్రి డ్యూటీ:

నేను ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేస్తాను. వార్డు సర్దుకున్నాక దొరికే గంటన్నరలోనే నా చదువంతా. పోయిన వారం కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' పూర్తయింది. పందులు కాసుకునే ముసలివాడు, అడవిలో ఈనిన పంది, ఒక్క రాత్రి. అంతే కథ. ఆ పందిని అంతకాలం సాకినవాడు అతనే, ఈనాక అది అతణ్ణే దగ్గరికి రానివ్వదు. అక్కడ చదవడం ఆపి లేచి వార్డులో ఒక రౌండు తిరిగి వచ్చాను.

గట్టు గారిని ఒకటి అడుగుతాను. ఆ ముసలివాడు ఆత్మకథ రాస్తాడా? వీరాస్వామయ్య గారి పల్లకీ మోసిన బోయీలు అన్ని నెలలు ఏమనుకుంటూ నడిచారో ఆ పుస్తకంలో ఉందా? ఆత్మకథ రాయడానికి అక్షరం కావాలి, తీరిక కావాలి, మన బతుకు చెప్తే నలుగురు వింటారన్న ధైర్యం కావాలి. అవి లేనివాళ్ల గురించి నవలలే కదా చెప్పాయి. కేశవరెడ్డి గారు డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో డాక్టరుగా ఉండేవారు. ఎవరూ దగ్గరికి రాని మనుషులతో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి కాబట్టే అలాంటి రాత్రి రాయగలిగారని నా నమ్మకం.

గోదావరి గట్టు:

బోయీల మాట నన్ను పట్టుకుంది. నిన్న రాత్రి మళ్లీ ఆ పుస్తకం తీసి వాళ్ల కోసమే వెతుకుతూ కొన్ని మజిలీలు చదివాను. పల్లకీలో కూర్చున్నవాడి చూపే నాకు కనబడింది. ఆ దారి నాకు అంతగా నచ్చిన మాట నిజం, దాన్ని మోసిన భుజాలు నాకు గుర్తు రాకపోయిన మాటా నిజం. "నవలలు తేలిపోతున్నాయి" అన్న ముక్క వెనక్కి తీసుకుంటున్నాను. పాత బైండు గారూ, మీ అమ్మగారి విషయంలో కూడా నాదే తొందరపాటు.

ఒక్కచోట మాత్రం ఒప్పుకోను. అక్షరం అందనివాళ్ల బతుకు నవలల్లోనే వస్తుందన్న మాట ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. వై.బి. సత్యనారాయణ 'మా నాయన బాలయ్య' చూడండి. మొదట ఇంగ్లిష్‌లో రాశారు, తర్వాత తెలుగులోకి వచ్చింది. ముత్తాత మెత్తటి చెప్పులు కుట్టి ఇచ్చాడని నిజాం 50 ఎకరాలు ఇస్తే, అందులో ఎక్కువ భాగం దొర లాగేసుకుంటాడు. తర్వాత తరాలకి రైల్వే పని దారి చూపిస్తుంది. ఆ పని చేసుకుంటూ తండ్రి పిల్లల్ని చదివిస్తాడు. 'చిల్లర దేవుళ్లు'లో మనం బయటినుంచి చూసిన దొరని ఇక్కడ ఆ దొర చేతిలో భూమి పోగొట్టుకున్న ఇంటివాడే చూపిస్తాడు. ఇలాంటి పుస్తకాన్ని మనం ఎంతమందికి చెప్తున్నాం? నా గొడవ అదే. కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్లకి మనం ఇచ్చే జాబితాలో పది నవలలుంటే ఒక్క ఆత్మకథ కూడా ఉండదు.

రాత్రి డ్యూటీ:

మా తాత కూడా రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేశాడు. ఈ పుస్తకం గురించి నాకు ఎవరూ చెప్పలేదు. ఈ నెల జీతం రాగానే తెప్పించుకుంటాను. కాశీయాత్ర కూడా చదవాలని ఉంది, ఆ భాషతో ఎక్కడ మొదలుపెట్టమంటారు?

గోదావరి గట్టు:

మొదటి పేజీ నుంచి వద్దు. ఆయన వెళ్లేటప్పుడు కడప, హైదరాబాదు మీదుగా వెళ్లారు, వచ్చేటప్పుడు జగన్నాథం (పూరీ) నుంచి కోస్తా వెంట దిగి వచ్చారు. మీ ఊరికి దగ్గరగా ఉన్న మజిలీ ఏదో వెతికి అక్కడ మొదలుపెట్టండి. పైకి చదవండి, కనీసం నాలుగు పేజీలు. కళ్లతో చదివితే అడ్డం పడే వాక్యం నోటితో చదివితే సాగిపోతుంది. బోయీలు ఎక్కడైనా నోరు విప్పినట్టు కనబడితే ఆ పేజీ నంబరు ఇక్కడ పెట్టండి.