నాన్‌టకెట్ లైట్‌షిప్‌ని ఒలింపిక్ ఎలా గుద్దింది?

ప్రశ్న: 1934 మే 15న న్యూయార్క్ దారిలో బ్రిటిష్ ప్రయాణికుల ఓడ ఒలింపిక్, అమెరికా తీరంలో నాన్‌టకెట్ దగ్గర లంగరేసి దీపస్తంభంలా పనిచేసే లైట్‌షిప్ ఎల్‌వీ-117ని గుద్ది ముంచేసింది. లైట్‌షిప్ మీది రేడియో బీకన్ (ఓడలకు దిశ తెలిపే రేడియో సిగ్నల్) పనిచేస్తూనే ఉందట. మరి ఎలా తగిలింది?

జవాబు 1: బీకన్‌ని నమ్ముకోవడమే కొంప ముంచింది. అది దిశ చెబుతుంది, దూరం చెప్పదు. పొగమంచులో నేరుగా దానివైపే నడిపితే చివరికి దాని మీదికే వెళ్తాం. లంగరేసిన లైట్‌షిప్ తప్పుకోలేదు. బీకన్‌ని కాస్త పక్కకు ఉంచి నడపాలి. లైట్‌షిప్‌లోని 11 మందిలో ఏడుగురు పోయారు. ఆ జనవరిలోనే వాషింగ్టన్ అనే ప్రయాణికుల ఓడ ఈ లైట్‌షిప్‌నే రాసుకుంటూ పోయింది, అయినా బుద్ధి రాలేదు!

ప్రశ్న అడిగినవారు: దూరం తెలిసే మార్గమే లేదా?

జవాబు 2: ఉంది. లైట్‌షిప్ రేడియో సిగ్నల్, హారన్ ఒకేసారి వదిలితే, రెండూ వినబడటానికి మధ్య ఎన్ని సెకన్లో చూసి 5.5తో భాగించండి. నాటికల్ మైళ్లు వస్తాయి. పొగమంచులో హారన్ ఒక్కోసారి దగ్గర్లోనే వినబడదు, అదే చిక్కు.

జవాబు 3: బ్రిటన్ ఇచ్చిన పరిహారంతో మునిగిన దాని బదులు 1936లో కట్టిన లైట్‌షిప్ ఎల్‌వీ-112 ఈస్ట్ బోస్టన్‌లో ఉంది. ఇలాంటి పాత ఉక్కు ఓడల్ని తుప్పు నీటిమట్టం దగ్గరే ఎక్కువ తింటుంది. రంగు వేసేముందు అల్ట్రాసోనిక్ మీటర్‌తో రేకు మందం కొలవాలి. ఓడ ఉక్కుకు బదులు తామే తుప్పుపట్టేలా బిగించే జింక్ దిమ్మలకు మాత్రం రంగు పూయకండి, పూస్తే అవి పనిచేయవు.